చిన్న ఇంటికి మరియొక గది

మన పట్టణములలో ఏ డాబా మీదికెక్కి చూచినను స్తంభముల తలలపై ఇనుప ఊచలు ఆకాశమువైపు నిలిచియుండుట కానవచ్చును. క్రొత్తవారు వానిని చూచి ఇల్లు సగములో ఆగిపోయినదనుకొందురు. ఇంటివారి నడిగినచో, "పిల్లవాని పెండ్లినాటికి పైన ఒక గది వేయవలెనండి" అని చెప్పుదురు. చేతిలోనున్న సొమ్ముతో సగము కట్టి, తక్కిన సగమునకు చోటు విడిచియుంచుట మనకు నిన్న మొన్న అబ్బిన విద్య కాదు. దాని కథ కొంత చెప్పుకొందము.

పెంకుటిండ్ల కాలమున ఇల్లు నేలమీదనే పెరిగెడిది. ముందు ఒక నట్టిల్లు, దానికొక అరుగు. సంసారము పెరిగినకొలది వెనుకవైపున ఒక వసారా దించెడివారు. మండువా లోగిళ్లు కట్టుకొన్న సంపన్నుల మాట వేరు. వారికి నాలుగు వైపులును మొదటనే పూర్తియగును. మేము చెప్పబోవునది రెండు గదులవారి సంగతి. వసారా చౌక, ఏలయన ఒక గోడ అప్పటికే సిద్ధముగా నున్నది. తక్కిన మూడు గోడలు, కొన్ని వాసములు, కొంత పెంకు సమకూర్చుకొన్న చాలును.

అయితే ఈ చౌకదనమునకొక హద్దు కలదు. వాననీరు నిలువకుండ జారిపోవుటకు కప్పు రెండడుగుల వెడల్పునకు ఒక అడుగు చొప్పున వాలినదనుకొందము. అసలు ఇంటి చూరు పది అడుగుల ఎత్తున నున్నచో, ఎనిమిదడుగుల వసారా చూరు ఆరడుగులకు దిగును. ఇంకను వెడల్పు కావలెనన్న ఇంటి యజమాని తన ఇంటిలోనే వంగి నడువవలెను. పాత ఇండ్ల వెనుక వసారాలోనికి పోవుచు నెత్తికి దెబ్బ తగిలించుకొనని వారు మనలో అరుదు. ఆ దెబ్బకు పనివానిని తిట్టి లాభము లేదు. మొదటి గోడ ఎత్తు నిర్ణయించిననాడే మనుమల గది ఎత్తు కూడ నిర్ణయమైపోయినది.

పూర్వము కప్పునకు కుమ్మరులు చేతితో చేసిన గూనపెంకు వాడెడివారు. దానిని దట్టముగా పరచవలెను. గాలికిని కోతులకును చెదరిన ప్రతిసారి సర్దించవలెను. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో పెంకుల కర్మాగారము స్థాపించిరి. యంత్రముపై అచ్చొత్తిన ఆ బల్లపరుపు పెంకులు ఒకదానినొకటి పట్టుకొని నిలుచును. కనుక పెంకు తక్కువ పట్టును, కప్పు బరువు తగ్గును. కోస్తా జిల్లాలలో వీనిని బెంగుళూరు పెంకులనుట వాడుక. మంగుళూరులో పుట్టిన సరకునకు ఈ పేరెట్లు వచ్చినను, దానివలన వసారా వేయుట మరికొంత తేలికైనది.

తరువాత సిమెంటు కాంక్రీటు వచ్చి ఇంటి పెరుగుదలను నేలనుండి పైకి త్రిప్పినది. స్థలము ధర పెరిగినకొలది పెరడు తగ్గినది. వసారాకు చోటు లేక గది మేడయెక్కినది. పైకి పెరుగుటకును ఒక షరతు కలదు. రెండవ అంతస్తు ఇరువదియేండ్ల తరువాత రానున్నను, దాని బరువును మోయు పునాది మొదటినాడే పడవలెను. మట్టిలో దాగిపోవు సొమ్మును వెచ్చించుటకు ఎవరికిని మనసొప్పదు. గోడకు రంగు వేసినచో చుట్టములు చూతురు. పునాదిని ఎవరు చూతురు?

ఈ మాట మేము అనుభవముతో చెప్పుచున్నాము. మా తండ్రిగారు కృష్ణా డెల్టాలోని ఒక చిన్న పట్టణమున 1984లో రెండు గదుల డాబా వేయించిరి. 1993లో మా అక్కగారి కాన్పు సమయమునకు ప్రక్కన మరియొక గది చేర్చిరి. సొమ్ము చాలక క్రొత్త పునాదిని పాతదానికంటె రెండడుగులు తక్కువ లోతున ఆపించిరి. అక్కడిది నల్లరేగడి నేల. వేసవిలో అది కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును, వానకు ఉబ్బును. లోతునకు పోయినకొలది ఆ కదలిక తగ్గును. పాత గోడ నిలిచినది, క్రొత్త గోడ ఋతువులతోపాటు కదలినది. రెండు వేసవులు గడచునప్పటికి రెండును కలిసినచోట పైనుండి క్రిందివరకు చీలిక వచ్చినది. దానిని ఏటేట సిమెంటుతో పూడ్పించుట, అది ఏటేట విచ్చుట మా ఇంట ఒక పండుగవలె నడచినది. క్రొత్త పునాదిని పాతదాని లోతునకు దింపవలసినది. అదియు చేయలేనప్పుడు రెండు గోడలను పెనవేయక, నడుమ సన్నని సందు విడిచి, పైన నీరు దిగకుండ కప్పవలసినది.

సగము ఇల్లు కట్టి ఇచ్చుటను ఒక పద్ధతిగా ఆలోచించిన వాస్తుశిల్పులు మన దేశముననే కలరు. 1930లో సికింద్రాబాదులో జన్మించిన ఛార్లెస్ కొరియా, నవీ ముంబయిలోని బేలాపూరులో 1983 మొదలు 1986 వరకు సుమారు 550 కుటుంబములకు గృహములు రూపొందించెను. స్థలములు 45 నుండి 75 చదరపు మీటర్లు మాత్రమే. అయినను పొరుగింటితో ఉమ్మడి గోడ ఉండరాదని ఆయన నియమము. ఒకరు గది చేర్చుకొనునపుడు రెండవవారి అనుమతి వేడవలసిన పని ఉండరాదు గదా! ఉమ్మడి గోడ తగాదాలతో న్యాయస్థానముల మెట్లెక్కినవారికి ఈ నియమము విలువ తెలియును. తరువాత అక్కడివారు అనేకులు ఆ పెంకుటిండ్లను తీసివేసి మేడలు కట్టుకొనిరి. ఇది శిల్పి ఓటమియని కొందరందురు. మా అభిప్రాయమున అది ఆయన ఇచ్చిన స్వేచ్ఛను ప్రజలు వాడుకొనుటయే.

ఇందూరు నగరమున బాలకృష్ణ దోషీ రూపొందించిన అరణ్య నివాసములు మరియొక త్రోవ త్రొక్కినవి. మిక్కిలి పేదవారికి ఇచ్చినది పీఠము, నీటి కుళాయి, మరుగుదొడ్డి. గదులు వారే వీలునుబట్టి వేసుకొనవలెను. ఎట్లు వేసుకొనవచ్చునో చూపుటకు 80 నమూనా గృహములు కట్టించిరి. ఈ ప్రణాళికకు 1995లో ఆగాఖాన్ బహుమానము లభించినది.

దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున, ఇకీకే పట్టణమున, 2004లో అలెహాండ్రో అరవేనా బృందమునకును ఇదే చిక్కు ఎదురైనది. సుమారు 100 కుటుంబములు. ఒక్కొక్కదానికి స్థలము, ఇల్లు కలిపి 7,500 డాలర్ల ప్రభుత్వ సాయము. దానితో పూర్తి ఇల్లు రాదు. అందుచేత వంటగది, స్నానపు గది, మెట్లు, ఇండ్లనడుమ గట్టి గోడలు మాత్రము కట్టి, ప్రక్కన అంతే ఖాళీ విడిచిరి. కుటుంబము తనంతట తాను సరిగా కట్టుకొనలేని సగమును ముందు కట్టుట వారి లెక్క.

మా తండ్రిగారు 1993లో స్వయముగా వ్రాసిన అంచనా కాగితము నేటికిని మావద్ద నున్నది. పునాది పద్దు రెండుమారులు కొట్టివేసి తగ్గింపబడినది. దాని క్రింద వీధి గుమ్మమునకు టేకు తలుపు పద్దు అంతకంతకు పెరిగినది. తలుపు మాత్రము నేటికిని చక్కగానే యున్నది.