పంక్తుల నుండి వృక్షాలకు: ప్రోగ్రాముల పోలిక కథ

ఇబ్రహీంపట్నంలో, సాగర్ రహదారికి దగ్గరలోని ఒక ఇంజనీరింగు కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పాను. ఒక యేడు సీ భాష ల్యాబ్ పరీక్షలో ఇద్దరు విద్యార్థుల ప్రోగ్రాములను పంక్తివారీగా పోల్చి, సగానికి పైగా కలవడంతో ఇద్దరికీ సున్నా వేశాను. వారిలో ఒకడు మారుమాటాడక కాగితం నా ముందుంచాడు. కలిసిన పంక్తులన్నీ నేను నల్లబల్లపై వ్రాసి ఇచ్చిన చట్రమే! అదే తరగతిలో మరొకడు పక్కవాడి ప్రోగ్రామును తీసుకుని, చలరాశుల పేర్లు మార్చి, ఫ్లవర్ బ్రాకెట్లను కింది పంక్తికి దింపి, మంచి మార్కులతో గట్టెక్కాడు. మార్కులైతే దిద్దాను గాని, నా తప్పు ఎక్కడ పుట్టిందో వెదుకుతూ పోగా దొరికిన చరిత్ర ఇది.

పోల్చడానికి ముందు పాఠాన్ని ఏ ముక్కలుగా విడదీయాలన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. సి.పి. బ్రౌను వేమన పద్యాల ప్రతులను సేకరించి, పోల్చి చూసి, 1829లో అచ్చువేయించాడు. తాటాకు ప్రతిలో పదాల మధ్య ఎడం ఉండదు. పాదానికొక పంక్తి అన్న నియమమూ లేదు. ఆకు అంచు వచ్చినచోట పంక్తి ముగుస్తుంది. వేరే పొడవున్న ఆకుపై అదే పద్యాన్ని వ్రాస్తే పంక్తులన్నీ మారిపోతాయి, పద్యం మారదు. కనుక తాళపత్రాలను పోల్చేవాడు పంక్తిని నమ్మడు. ఆటవెలది అయితే బేసి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదంలో ఐదూ సూర్యగణాలే. ఈ లెక్కతో పాదాలు విడదీసి, ఆపైన పాదాన్ని పాదంతో సరిచూస్తాడు. నేటి మాటల్లో చెప్పాలంటే ఛందస్సే అతని పార్సర్.

కంప్యూటర్లు మాత్రం పంక్తితోనే మొదలుపెట్టాయి. బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ వ్రాసిన డిఫ్, 1974లో యునిక్సు ఐదవ కూర్పుతో వెలువడింది. రెండు ఫైళ్ళలో ఒకే క్రమంలో వచ్చే ఉమ్మడి పంక్తుల అతిపెద్ద వరుసను కనుగొని, మిగిలినవాటిని చేర్పులుగా, తీసివేతలుగా చూపడమే దాని పని. 1986లో యూజీన్ మయర్స్ మరింత వేగవంతమైన పద్ధతిని ప్రచురించాడు. గిట్ నేటికీ అప్రమేయంగా దాన్నే వాడుతుంది. ఈ సంప్రదాయపు గొప్పదనమూ లోపమూ ఒక్కటే: దానికి ఏ భాషా తెలియదు.

భాష తెలిసిన పోలికకు వృక్షం కావాలి. ప్రోగ్రామును వ్యాకరణం ప్రకారం విడదీస్తే ఫంక్షను ఒక బోదె, అందులోని షరతులూ ఆవృత్తాలూ కొమ్మలు, పేర్లూ అంకెలూ ఆకులు. ఇటువంటి రెండు వృక్షాల మధ్య దూరాన్ని లెక్కించే మార్గాన్ని 1979లో క్వో-చుంగ్ తై చూపగా, 1989లో ఝాంగ్, షాషాలు మెరుగుపరిచారు. 1991లో వూ యాంగ్ దీన్ని ప్రోగ్రాముల పోలికకు అన్వయించాడు. ఒక కొమ్మ ఒకచోట తెగి మరొకచోట అంటుకుంటే అది తీసివేతా చేర్పూ కాదు, 'కదలిక' అని 1996లో చావతే బృందం లెక్కలోకి తెచ్చింది. 2014లో వచ్చిన గమ్‌ట్రీ ఈ దారిలోదే.

అయితే వృక్షం ఆకాశం నుండి ఊడిపడదు, పార్సర్ ఇవ్వాలి. పోల్చే పద్ధతి ఒకటే అయినా, పార్సర్ మారితే ఫలితం మారుతుంది.

కంపైలరు పార్సర్‌ను అరువు తెచ్చుకోవడం మొదటి మార్గం. దానికి టైపులు తెలుసు. "క * చ;" అన్న పంక్తినే తీసుకోండి. 'క' టైపు పేరైతే అది 'చ' అనే పాయింటరు ప్రకటన. చలరాశి అయితే గుణకారం. ఈ తేడాను కంపైలరు తప్పక పట్టుకుంటుంది. కాని దాని గమ్యం యంత్రసంకేతం. అందుచేత వ్యాఖ్యలను సాధారణంగా వదిలేస్తుంది, మాక్రోలను విప్పేస్తుంది. విద్యార్థి వ్రాయనిది వృక్షంలో కనిపిస్తుంది, వ్రాసినది మాయమవుతుంది.

రెండవది, 1975లో స్టీఫెన్ జాన్సన్ వివరించిన యాక్ వంటి పరికరానికి వ్యాకరణం వ్రాసి ఇచ్చి, పార్సర్‌ను పుట్టించుకోవడం. వృక్షం మన చెప్పుచేతల్లో ఉంటుంది. వ్యాకరణాన్ని నిలబెట్టే శ్రమా మనదే. జీసీసీ సైతం 2006లో సీ భాషకు ఇటువంటి పార్సర్‌ను వదలి, చేతితో వ్రాసినదానికి మారింది.

మూడవది ట్రీ-సిట్టర్ వంటి సహనశీలి. మాక్స్ బ్రన్స్‌ఫెల్డ్ దీన్ని ఎడిటర్ల కోసం నిర్మించాడు. ఎడిటరులోని ప్రోగ్రాము ఎప్పుడూ అసంపూర్ణమే కదా! అందువల్ల తప్పున్నచోట దోషమని గుర్తు పెట్టి మిగతా వృక్షాన్ని నిలుపుతుంది, వ్యాఖ్యలనూ వదలదు. టైపులు తెలియవు కనుక, పై "క * చ;" దగ్గర ఊహపై ఆధారపడుతుంది.

నేను మూడవదాన్నే ఎంచుకున్నాను. మూడు గంటల పరీక్షలో సగం ప్రోగ్రాములు సెమికోలన్ లేకనో, బ్రాకెట్ మూయకనో ఆగిపోతాయి. వాటిని చదవలేని పార్సర్ నాకెందుకు? నల్లబల్లపై ఇచ్చిన చట్రాన్ని కూడా వృక్షంగా మార్చి, దానితో కలిసిన కొమ్మలను ముందే తొలగించాను. పేర్లను పక్కనబెట్టి ఆకారాలను పోల్చాను. సున్నా పడ్డ కుర్రవాడి ప్రోగ్రాములో మిగిలిందంతా అతని సొంతమే. గట్టెక్కినవాడిదీ పక్కవాడిదీ మాత్రం కొమ్మకు కొమ్మ కలిశాయి.

అయినా ఎవరు ఎవరిని చూసి వ్రాశారో వృక్షం చెప్పదు. ప్రతులు కలిసినంత మాత్రాన ఏది మాతృకో తేలనట్లే. అందుకే ఆ ఇద్దరికీ మార్కులు వేసేముందు, విడివిడిగా పిలిచి ప్రోగ్రామును వివరించమన్నాను. ఆ పని మొదటిసారే చేసి ఉండవలసింది.