ఊద్: పొగలోని పరిమళం, తైలంలోని పరిమళం

అరబ్బీలో ‘ఊద్’ అనగా కట్టె. వాడుకలో ఆ మాట అగరు కట్టెకు స్థిరపడిపోయింది. హదీసుల్లో దీనికి ‘అలువ్వా’ అనే పేరు కూడా కలదు. హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) ఒక్కోసారి ఏమీ కలపని అలువ్వాతోను, ఒక్కోసారి దానికి కర్పూరం చేర్చి ధూపం వేసుకొనేవారనీ, దైవప్రవక్త (స) ఇలాగే చేసేవారని చెప్పారనీ సహీహ్ ముస్లింలో ఉంది. ‘ఊద్ హిందీ’లో ఏడు రోగాలకు స్వస్థత ఉందన్న హదీసు మాత్రం ఈ కట్టెను గురించినది కాదు. అందులో చెప్పింది కుస్త్, అంటే మన వైద్యుల చెంగల్వకోష్టు. ఆ హదీసు చూపి అగరు తైలం అమ్మడం సరికాదు.

ఆరోగ్యంగా ఉన్న అగరు చెట్టు కలప తెల్లగా, తేలికగా ఉంటుంది, వాసన ఉండదు. పురుగు తొలిచిన చోటనో, కొమ్మ విరిగిన చోటనో బూజు చేరినప్పుడు, ఆత్మరక్షణకై చెట్టులో నల్లని జిగురు ఊరుతుంది. అరబ్బు వర్తకులు చంపా దేశపు ‘సన్ఫీ’, ఖ్మేర్ దేశపు ‘కమారీ’ అని రకాలు ఏర్పరచి, నీట మునిగే కట్టెను శ్రేష్ఠమన్నారు. జిగురు పెరిగిన కొద్దీ బరువు పెరుగుతుంది గనుక ఆ పరీక్ష సరియైనదే.

ఈ జిగురులో ముఖ్యంగా రెండు జాతుల పదార్థాలున్నాయి. మొదటివి పదిహేను కర్బన పరమాణువుల సెస్క్విటెర్పీన్లు. పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 1963లో వీటిలోని అగరోఫ్యూరాన్ల నిర్మాణాన్ని తేల్చారు. ఇవి ఆవిరితోపాటు లేచి తైలంలోకి వస్తాయి. రెండవవి క్రోమోన్లు. బరువైనవి గనుక ఇవి చాలావరకు బట్టీలోని కట్టెలోనే మిగిలిపోతాయి. అదే కట్టెను నిప్పులపై వేస్తే, ఆ వేడికి విరిగి బెంజాల్డిహైడ్ వంటి తేలికైన పరిమళాలను విడుస్తాయి. ధూపం వాసన, సీసాలోని అత్తరు వాసన ఒకటి కాకపోవడానికి ముఖ్య కారణమిదే.

ఏ చెట్టులో జిగురుందో పైకి తెలియదు. అందుచేత అడవుల్లో ఉత్త చెట్లు కూడా నరికివేతకు గురయ్యాయి. అస్సాం ప్రాంతపు అగరు జాతి 1995 నుండి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో ఉంది. సరుకు అరుదైన కొద్దీ కల్తీ పెరిగింది. కల్తీ కొత్తదేమీ కాదు. సుమారు 873లో మరణించిన అల్‌కిందీ పేరిట ఉన్న సుగంధ రసాయన గ్రంథంలోనే, స్వేదన విధానాలతోపాటు ఖరీదైన ద్రవ్యాలకు నకిలీలు చేసే పాళ్లున్నాయి. నేడు చైనా ఔషధ ప్రమాణ గ్రంథం కట్టె పరీక్షకు అగరోటెట్రాల్ అనే క్రోమోన్‌ను కొలవమంటుంది. ఆ పరీక్ష కట్టెకే చెల్లుతుంది. తైలానికి వేరే పరీక్షలు కావాలి.