తిత్లీ, మావయ్య వ్యాను, ఓ తుప్పు బోల్టు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకి 140-150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి. కరెంటు పోతే ఫ్యాను తిరగదు, అంతేగా అనుకుంటాం సిటీలో. అక్కడ బోరు మోటారు ఆగితే తాగడానికే నీళ్లుండవు. కిడ్నీ జబ్బుతో అల్లాడుతున్న ప్రాంతం మరి!

మా మావయ్యకి ఓ పాత వ్యానుండేది. బెర్తు, ఫ్యాను, రెండో బ్యాటరీ, ఇన్వర్టరు పెట్టి ఇల్లులా చేసుకున్నాడు. ఆ వారం వీధిలో సెల్‌ఫోన్లన్నిటికీ అదే దిక్కు. రెండో రోజే ఇన్వర్టరు కుయ్‌మని ఆగిపోయింది.

"బేటరీ పోనాదిరా" అన్నాడు. నేను రీస్టార్ట్ చేసి చూశా (అలవాటు కదా). చివరికి మీటరు పెట్టాం. లోడు మీద బ్యాటరీ దగ్గర 12.2 వోల్టులు, ఇన్వర్టరు దగ్గర 10.3. మిగతావి ఎవరు తిన్నట్టు? బ్యాటరీ నెగటివ్‌కీ వ్యాను బాడీకీ మధ్య చూస్తే అక్కడున్నాయి. ఉప్పుగాలికి ఎర్తింగ్ బోల్టు తుప్పు పట్టింది. బ్యాటరీ వైరు తీసి, బోల్టుని ఉప్పు కాగితంతో రుద్ది బిగిస్తే సరిపోయింది.

ఆలోచిస్తే జిల్లా కథా అదే. కరెంటు ఉంది, ఇంటిదాకా దారే లేదు. వేరే జిల్లాల నుంచి వచ్చిన సిబ్బంది ఆ దారిని స్తంభం తర్వాత స్తంభంగా మళ్లీ కట్టారు.

2023 డిసెంబరులో హిరమండలం నుంచి ఉద్దానానికి మంచినీటి పథకం మొదలైంది. సంతోషమే. కానీ ఆ పంపులూ కరెంటుతోనే తిరగాలి. బోల్టు సంగతి తుఫానుకి ముందే చూసుకుంటే మంచిది కదా?