కారు షెడ్డులోని సాకెట్టు

అమెరికాలో సామాన్య గృహస్థుని ఇంటికి సైతము కారు షెడ్డు ఒకటి ఆనుకొని ఉండుట పరిపాటి. దానిని వారు గరాజు అంటారు. పేరుకు కారు కొరకే గాని, వడ్రంగపు బల్ల, రంపపు మిషను, మాంసము నిలువచేయు ఫ్రీజరు, పిల్లల సైకిళ్ళు, ఇంటిలో చోటు దొరకని సమస్తమూ అక్కడికే చేరుతుంది. తరచుగా కారు మాత్రము వీధిలో నిలుస్తుంది. ఈ గదిలోని విద్యుత్తు సాకెట్టుకు ఒక చరిత్ర ఉన్నది.

ఆ దేశపు జాతీయ విద్యుత్ నియమావళి మొదట వెలువడినది 1897లో. దానిని కూర్చినవారిలో భీమా కంపెనీలవారు, విద్యుత్ నిపుణులు, భవన శిల్పులు ఉన్నారు. వారి దిగులు మనిషిని గురించి కాదు, భవనమును గురించి. తీగె వేడెక్కిన ఇల్లు అంటుకొనును, ఇల్లు కాలిన భీమా సొమ్ము చెల్లింపవలెను. 1911 నుండి ఆ నియమావళి భారము వహించిన సంస్థ పేరే జాతీయ అగ్ని రక్షణ సంఘము. ఆనాటి రక్షణ సాధనము ఫ్యూజు. అది కాపాడునది తీగెను. పదునైదు ఆంపియర్ల ఫ్యూజు ఆ పరిమితి మించినగాని కదలదు. మనిషి గుండె ఆగుటకో, ఆంపియరులో పదవవంతు చాలు.

ఈ వ్యత్యాసమును కొలతలతో పరిశీలించినవాడు బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్జియెల్. తీగె పట్టుకొన్న మనిషి ఎంత ప్రవాహము వరకు తన చేతిని తానే విడిపించుకొనగలడు? ఇదీ ఆయన ప్రశ్న. 134 మంది పురుషులు, 28 మంది స్త్రీలు స్వచ్ఛందముగా ముందుకు వచ్చి, వ్రేళ్ళు విడివడనంత వరకు షాకు భరించినారు. సగటున పురుషులకు 16 మిల్లీయాంపియర్లు, స్త్రీలకు పదిన్నర అని తేలినది. కాని సగటు మనిషి కొరకు శాసనము వ్రాసిన, సుమారు సగము మంది దాని వెలుపలనే మిగిలిపోతారు. అందుచేత అందరికన్న త్వరగా పట్టు చిక్కుకొనువారిని దృష్టిలో ఉంచుకొని, హద్దు 5 మిల్లీయాంపియర్ల దరిదాపులకు దిగినది.

1961లో డాల్జియెల్ రూపొందించిన సాధనము చేయు పని వినుటకు సులభము. సాకెట్టుకు పోవు ప్రవాహమును, తిరిగి వచ్చు ప్రవాహమును సరిచూచుచుండును. ఆ రెండింటికీ ఐదు మిల్లీయాంపియర్ల తేడా వచ్చినదా, ఎవరి దేహము గుండానో నేలలోనికి కారిపోవుచున్నదని గ్రహించి, రెప్పపాటులో కరెంటు తెంచివేయును.

నియమావళి దీనిని మెల్లగానే చేరదీసినది. 1968లో ఈతకొలను దీపాలు, 1971లో ఆరుబయటి సాకెట్లు, 1975లో స్నానపు గదులు, 1978లో గరాజులు. నీటి తొట్టియైనను లేని గరాజునకు ఈ వరుసలో చోటేల? కారణము నేల. మట్టిమీద పరచిన కాంక్రీటు చెమ్మను పీల్చును. వాన నీటిని, మంచును కారు చక్రాలు లోనికి తెచ్చును. చెక్క నేలగల హాలులో నిలుచున్నవానికి ఆ నేలయే కొంత అడ్డు. కాంక్రీటుపై వట్టి కాళ్ళతో, ఇన్సులేషను అరిగిన డ్రిల్లు పట్టిన వానికి అడ్డేమీ లేదు.

అయినను చిరకాలము రెండు మినహాయింపులు నిలిచినవి: తలుపు నెత్తు యంత్రమునకు కప్పున ఉండు సాకెట్టు, ఫ్రీజరు వంటి కదలని పరికరముల సాకెట్టు. అకారణముగా కరెంటు తెగిన ఫ్రీజరులోని మాంసమంతయు కుళ్ళునన్నది గృహస్థుల భయము. అది తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. కాని ఫ్రీజరు ఒడలు కూడ లోహమే. దానిని తెరచు చేయి ఆ నేలపై నిలిచినవారిదే. 2008 కూర్పులో ఆ మినహాయింపులు తొలగినవి. నా మట్టుకు ఆ తీర్పే న్యాయము. తరువాత 2014లో కారుకొక సాకెట్టు ఉండవలెనన్నారు. 2020లో రెండువందల ఏబది వోల్టుల సాకెట్లను సైతము ఈ రక్షణలోనికి తెచ్చినారు.

నియమావళి తనంత తాను చట్టము కాదు. రాష్ట్రమో నగరమో స్వీకరించినగాని అమలులోనికి రాదు. పాత ఇండ్లకు సాధారణముగా వెనుకకు వర్తించదు. 1960 నాటి గరాజులో ఎవరైనను మార్చునంతవరకు ఆనాటి సాకెట్టే ఉండును. నేడు ఆ దేశములో ఇండ్లు కొనుచున్న మనవారు అనేకులు. సాకెట్టుపై పరీక్షకొకటి, తిరిగి కలుపుట కొకటి రెండు చిన్న బొత్తాములుండును. లేకున్న, ముందున్న మరొక సాకెట్టులోనో ఫ్యూజుల పెట్టెలోనో ఆ సాధనమున్నదేమో ఎలక్ట్రీషియనుచే చూపించుకొనవలసి యుండును.