మైనపు పలక, లక్క గాజు: మానవస్మృతిని గురించిన ఊహల చరిత్ర

హైదరాబాదు పాతనగరంలో చార్మినారునుండి పడమటకు సాగే వీధికి లాడ్ బజారని పేరు. చార్మినారు 1591లో వెలసినది. ఆ నీడలో పెరిగిన ఈ వీధి గాజులకు, అందునా లక్కగాజులకు ప్రసిద్ధి. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. 'లాడ్' అనే మాట లక్కనుండి పుట్టినదని కొందరంటారు; గారాబమనే అర్థంగల మాట అని మరికొందరంటారు. ఇరువురూ తమ పెద్దలు చెప్పగా విన్నామనే అంటారు.

లక్క అనేది మోదుగు, రేగు మొదలైన చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు స్రవించే జిగురు. దానిని శుద్ధిచేసి, రంగు కలిపి, కుంపటి సెగకు మెత్తబరచి, కడ్డీగా సాచి, వలయంగా చుట్టుతారు. వెచ్చదనం ఆరకముందే రాళ్లను ఒక్కొక్కటిగా పొదుగుతారు. చల్లారిన పిమ్మట రాయి కదలదు. అయితే మళ్లీ సెగ చూపితే లక్క మళ్లీ మెత్తబడుతుంది. అప్పుడు పాతరాయిని తీసి కొత్తది పెట్టవచ్చును. ఈ చివరి మాటను శ్రోతలు మనస్సులో ఉంచుకొనవలెను. మనిషికి జ్ఞాపకం ఎట్లా నిలుస్తుందన్న ప్రశ్నకు రెండువేల యేండ్లకు పైగా వచ్చిన సమాధానాలను పరిశీలించగా, చివరకు ఈ లక్కవద్దకే రావలసి ఉన్నది.

ఈ విషయంలో ప్రాచీనమైన ఉపమానం గ్రీకు దేశానిది. ప్లేటో రచించిన 'థియటీటస్' అనే సంభాషణలో సోక్రటీసు, మన మనస్సులో ఒక మైనపు ముద్ద ఉన్నదనుకొమ్మంటాడు. చూచినది, విన్నది అందులో ఉంగరపు ముద్రవలె పడుతుంది. ముద్ర ఉన్నంతకాలం జ్ఞాపకం, చెరిగితే మరపు. కొందరి మైనం గట్టిది, కొందరిది మెత్తనిది. అందుకే మనుష్యుల జ్ఞాపకశక్తిలో ఇంత తేడా. అయితే ఆ సంభాషణలోనే ఈ ఉపమానం చాలదని తేలుతుంది. దాని స్థానంలో సోక్రటీసు ఒక పక్షిశాలను ఊహిస్తాడు. పక్షులు మనవే, శాల మనదే; కాని కావలసిన పక్షిని పట్టబోయి మరొకదానిని పట్టవచ్చును. నాలుక చివరనే ఉండి నోటికి రాని పేరు మనందరికీ అనుభవమే కదా.

మన దేశపు తార్కికులు వేరొక మార్గాన ఇదే విషయాన్ని విచారించినారు. ఆంధ్రుడని ప్రసిద్ధిగల అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో జ్ఞానాన్ని అనుభవమని, స్మృతి అని రెండుగా విభజించినాడు. అనుభవం గడిచిపోతుంది; కాని 'భావన' అనే సంస్కారాన్ని మిగిల్చి పోతుంది. ఆ సంస్కారం మాత్రమే కారణంగా పుట్టే జ్ఞానం స్మృతి. ఇక్కడ ఒక సూక్ష్మం గమనింపదగినది. సంస్కారం వేరు, స్మృతి వేరు. లోపల ఉన్నది బీజం. పైకి వచ్చేది మొలక. జ్ఞాపకం వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త జ్ఞానం పుడుతున్నదన్నమాట.

ఇట్లా తర్కంలో ఉన్న ప్రశ్నను ప్రయోగశాలకు తెచ్చినవాడు జర్మనీ దేశస్థుడైన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. అర్థంలేని అక్షరసంపుటులను వేలకొలది తయారుచేసి, తానే కంఠస్థం చేసి, కొంత వ్యవధి తరువాత మళ్లీ నేర్వడానికి ఎంత శ్రమ తగ్గినదో లెక్కగట్టి, 1885లో ఫలితాలను ప్రకటించినాడు. గంట గడిచేసరికే సగానికి పైగా పోయినది. ఒక దినానికి మూడింట ఒక వంతు, నెలకు సుమారు అయిదింట ఒక వంతు మిగిలినది. మరపు మొదట వేగంగాను, పిమ్మట మెల్లగాను సాగుతుందని ఆయన స్థాపించినాడు.

1956లో అమెరికాలో జార్జి మిల్లర్ మరొక హద్దును చూపినాడు. మనిషి ఒక్కసారిగా పట్టి ఉంచగలిగినవి సుమారు ఏడు, అటు రెండు ఇటు రెండు. కాని విడివిడి అంశాలను మూటగట్టినచో మూటకు మూట ఒక్కటిగానే లెక్కకు వస్తుంది. తెలుగువారికి ఇది వింతకాదు. శతావధానంలో నూరుగురు పృచ్ఛకులకు ఆవృత్తానికి ఒక్కొక్క పాదం చొప్పున చెప్పి, నాలుగు ఆవృత్తాలలో నూరు పద్యాలు పూర్తిచేసి, కడపట వాటినన్నిటినీ ధారణచేసే విద్యను తిరుపతి వేంకట కవులు ఊరూరా ప్రదర్శించినారు. గణం, యతి, ప్రాస పద్యానికి అలంకారాలు మాత్రమే కావు. అవి ధారణకు మూటకట్టే త్రాళ్లు కూడా.

1968లో అట్కిన్సన్, షిఫ్రిన్ అనే శాస్త్రజ్ఞులు స్మృతిని మూడు గదులుగా చిత్రించినారు. ఇంద్రియాలవద్ద క్షణకాలం నిలిచేది మొదటిది. కొద్ది క్షణాలపాటు నిలిచే తాత్కాలిక స్మృతి రెండవది. మననంవల్ల చేరే దీర్ఘకాలిక స్మృతి మూడవది. 1974లో బ్యాడ్లీ, హిచ్ అనేవారు నడిమి గది కేవలం నిలువచోటు కాదనీ, పనివాని ముందరి బల్లవంటిదనీ వాదించినారు. లెక్కకట్టేటప్పుడు, వాక్యం అర్థం చేసుకొనేటప్పుడు పని జరిగేది ఆ బల్లమీదనే.

దీర్ఘకాలిక స్మృతి సైతం ఒక్కటి కాదని ఒక రోగివల్ల తెలియవచ్చినది. మూర్ఛలు తగ్గించడానికై 1953లో హెన్రీ మొలైసన్ అనే యువకునికి మెదడులో హిప్పోకాంపస్ అనే భాగాన్ని, దాని పరిసరాలను చాలవరకు తొలగించినారు. ఆనాటినుండి 2008లో మరణించేవరకు ఆయనకు కొత్త సంగతులు నిలువలేదు. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రపు బొమ్మ గీతవెంట గీయడాన్ని బ్రెండా మిల్నర్ నేర్పగా, దినదినానికి చేయి నేర్చుకొన్నది. నేర్చుకొన్నట్లు మాత్రం ఆయనకు తెలియదు. లాడ్ బజారు పనివాడు కడ్డీని ఎంత సాచవలెనో, సెగ ఎప్పుడు చాలునో మాటలలో చెప్పలేకపోవచ్చును. చేతికి తెలిసినది నోటికి తెలిసినదానికంటె వేరొక స్మృతి.

ఇక మైనపు ముద్రను నిజంగా చెరిపివేసినవాడు కేంబ్రిడ్జి ఆచార్యుడు ఫ్రెడరిక్ బార్ట్‌లెట్. అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లీషువారికి చదవనిచ్చి, కొంతకాలానికి తిరిగి చెప్పించినాడు. కథ కురచబారినది, వింతలు పోయి తమకు పరిచయమైనవి చేరినవి. జ్ఞాపకం చేసుకొనడమంటే తిరిగి నిర్మించడమేనని ఆయన 1932లో వ్రాసినాడు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ ఒక మోటారు ప్రమాదపు చిత్రాన్ని చూపి, కార్ల వేగమెంతో అడిగినారు. కొందరిని అడిగినప్పుడు 'తాకినప్పుడు' అన్నారు, కొందరిని అడిగినప్పుడు 'నుగ్గయినప్పుడు' అన్నారు. వారం గడిచిన తరువాత, పగిలిన అద్దం చూచినారా అని అడుగగా, రెండవమాట విన్న 50 మందిలో 16 మంది, మొదటిమాట విన్న 50 మందిలో 7గురు చూచితిమన్నారు. చిత్రంలో పగిలిన అద్దమే లేదు.

2000లో కరీమ్ నాదర్, ఆయన సహచరులు ఎలుకలలో ఇంకొక విశేషం కనుగొన్నారు. ఒక ధ్వనికి భయపడడం నేర్చిన ఎలుకకు ఆ ధ్వని మళ్లీ వినిపించి, వెంటనే మెదడులో మాంసకృత్తుల తయారీని అడ్డే మందు ఇస్తే, ఆ భయం సడలినది. ధ్వని వినిపించకుండా మందిస్తే భయం చెక్కుచెదరలేదు. అనగా తలచుకొన్నప్పుడు జ్ఞాపకం మెత్తబడి, తిరిగి గట్టిపడవలసి ఉన్నది. ఇది మనుష్యులకు ఎంతవరకు వర్తిస్తుందన్న పరిశోధన సాగుతూనే ఉన్నది. ప్లేటో మైనానికంటె లాడ్ బజారు లక్కయే ఇక్కడ తగిన ఉపమానం.

దీనివల్ల మనకు కలిగే ప్రయోజనమేమి? భాగమతి పేర నగరం వెలసినదన్న కథ హైదరాబాదులో ప్రతివారికీ తెలిసినదే. ఆ కథకు చారిత్రకాధారం చాలదని హెచ్.కె. షేర్వానీ వాదించినారు, నరేంద్ర లూథర్ దానిని సమర్థించినారు. జనస్మృతిలో ఉన్నంత మాత్రాన ఒక కథ సాక్ష్యం కాజాలదు. సాక్ష్యం చాలనంత మాత్రాన దానిని అసత్యమని త్రోసివేయనూరాదు. తరతరాలు సెగచూపి, తమకు ప్రియమైన రాయిని పొదిగిన గాజు అది. ఏ రాయి ఎప్పుడు చేరినదో విచారించడమే చరిత్రకారుని పని.

న్యాయస్థానంలో సాక్షి విషయమూ ఇట్లే. ఒక మనిషి స్వేచ్ఛ అతని మాటపై ఆధారపడవచ్చును. అబద్ధమాడే ఉద్దేశం ఏమాత్రం లేనివాడు సైతం పొరపాటు చెప్పవచ్చును. నమ్మకంగా చెప్పినంతనే నిజమని ఎంచరాదు. అడిగేవాని మాటలోనే సెగ ఉన్నది.

మన ఇండ్లలో పెద్దలు తమ బాల్యాన్ని, చూచిన వరదలను, పెండ్లిండ్లను గురించి చెబుతూ ఉంటారు. జవాబును ప్రశ్నలోనే అందించక, వారిని తమ మాటలలో చెప్పనిచ్చి, విన్ననాడే తేదీవేసి వ్రాసి ఉంచుట మంచిది. అదే సంగతి తెలిసిన మరొకరిని వేరుగా అడిగి, రెండింటినీ ప్రక్కప్రక్కన ఉంచి చూడవచ్చును. పాత ఉత్తరమో, ఛాయాచిత్రమో ఉన్నచో ఇంకను మేలు. వ్రాసిన కాగితం మళ్లీ చదివినప్పుడు మారదు. తలచుకొన్న జ్ఞాపకం మారవచ్చును.