వెబ్‌క్వెస్ట్

వెబ్‌క్వెస్ట్ అనగా విద్యార్థులు బృందాలుగా ఏర్పడి, ఉపాధ్యాయుడు ముందుగా ఏరి ఉంచిన వెబ్ పేజీలను చదివి, ఒక తెగని ప్రశ్నకు తమ సొంత పరిష్కారాన్ని తయారుచేసే పాఠ్య విధానం. దీనిని 1995లో అమెరికాలోని శాన్ డియెగో స్టేట్ యూనివర్సిటీలో విద్యా సాంకేతిక విభాగపు ఆచార్యుడైన బెర్నీ డాడ్జ్, టామ్ మార్చ్‌తో కలిసి రూపొందించాడు. అంతర్జాలాన్ని తరగతి గదిలోకి తీసుకురావడానికి ఉపాధ్యాయులు విస్తృతంగా నేర్చుకొన్న తొలి పద్ధతులలో ఇది ఒకటి. ప్రాథమిక పాఠశాల మొదలుకొని విశ్వవిద్యాలయం వరకు దీనిని వాడారు. ఈ వ్యాసం ప్రధానంగా ప్రాథమిక తరగతులలో దీని వినియోగాన్ని, దీనిని తయారుచేసే క్రమంలో ఉపాధ్యాయుడు వెబ్ వాడకం నేర్చుకొనే తీరును వివరిస్తుంది.

క్వెస్ట్ అనే ఆంగ్ల పదానికి అన్వేషణ అని అర్థం. పేరును బట్టి పిల్లలు అంతర్జాలంలో వెతుకుతారని అనుకోవడం సహజమే కాని, అది సరి కాదు. ఈ విధానంలో వెతికే పని ఉపాధ్యాయునిది, ఆలోచించే పని విద్యార్థిది. ఎనిమిదేళ్ళ బాలుని శోధన యంత్రం ముందు కూర్చోబెట్టి ఏనుగుల గురించి తెలుసుకోమంటే పీరియడు మొత్తం వెతకడంలోనే గడిచిపోతుంది. ఆ సమయాన్ని మిగిల్చి, చదివినదానితో ఏదో ఒకటి చేయించడమే వెబ్‌క్వెస్ట్ ఉద్దేశం.

పుట్టుక

1995 తొలి నెలల్లో డాడ్జ్ కాబోయే ఉపాధ్యాయులకు ఒక కోర్సు బోధిస్తున్నాడు. పురావస్తు తవ్వకాలను కంప్యూటరు తెరపై అనుకరించే ఆర్కియోటైప్ అనే కార్యక్రమం గురించి వారికి చెప్పాలని ఆయన ఉద్దేశం. న్యూయార్క్‌లోని డాల్టన్ పాఠశాలలో దానిని వాడుతూ ఉండేవారు. అయితే ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి ఆయన వద్ద లేదు. చూపించడానికి వస్తువు లేకపోవడంతో దాని గురించి దొరికిన సమాచారాన్ని ఆయన పోగుచేశాడు. అందులో కొన్ని నివేదికలు, కొన్ని వెబ్ పేజీలు ఉన్నాయి. న్యూయార్క్‌లో దానిని తయారుచేసినవారిలో ఒకరితో వీడియో ద్వారా సంభాషణ కూడా ఏర్పాటు చేశాడు. విద్యార్థులను బృందాలుగా విభజించి, తాము శిక్షణకు వెళ్ళబోయే పాఠశాలలో ఈ కార్యక్రమం పనికివస్తుందా, వస్తే ఎలా వాడాలి అన్నది తేల్చమన్నాడు.

ఆ తరగతిలో ఆయన మాట్లాడినది చాలా తక్కువ. విద్యార్థులు తమలో తాము వాదించుకొని, ఒక్కొక్కరు చదివిన భాగాన్ని మిగిలినవారికి వివరించి, ఉపన్యాసంలో సాధారణంగా రాని లోతు వరకు వెళ్ళారు. ఇలాంటి పాఠాలను కావాలనే తయారుచేయవచ్చు కదా అన్న ఆలోచన ఆయనకు అక్కడే కలిగింది. కొద్ది కాలానికే దానికి వెబ్‌క్వెస్ట్ అని పేరు పెట్టి, ఒక చిన్న వ్యాసం రాసి వెబ్‌లో ఉంచాడు. గూగుల్ సంస్థ 1998లో గాని స్థాపించబడలేదు. అందువల్ల నమ్మదగిన పేజీల చిరునామాలను ఒకచోట చేర్చి ఇవ్వడమే ఆనాటి ఉపాధ్యాయులకు పెద్ద సహాయం.

టామ్ మార్చ్ రూపొందించిన "సెర్చింగ్ ఫర్ చైనా" తొలి నమూనాలలో ప్రసిద్ధమైనది. అందులో విద్యార్థులు పెట్టుబడిదారు, మానవ హక్కుల కార్యకర్త, మ్యూజియం అధికారి వంటి పాత్రలు ధరించి చైనాను తలా ఒక కోణంలో చదువుతారు. పిదప అందరూ కలిసి అమెరికా ప్రభుత్వానికి ఒకే నివేదిక సమర్పించాలి. విడివిడిగా చదివినప్పుడు ఎవరి వాదన వారికి సరైనదిగానే తోస్తుంది, చిక్కంతా ఒకే కాగితంపై రాయవలసి వచ్చినప్పుడు మొదలవుతుంది.

నిర్మాణం

సాధారణంగా వెబ్‌క్వెస్ట్‌లో ఆరు భాగాలు ఉంటాయి. ఉపోద్ఘాతం విద్యార్థిని సందర్భంలోకి తెస్తుంది. కర్తవ్యం అనే భాగం చివరకు ఏమి తయారుచేయాలో చెబుతుంది. ప్రక్రియలో దశలు, పాత్రలు ఉంటాయి. వనరులు అనగా ఏరిన లింకులు. మూల్యాంకనంలో రూబ్రిక్ అనే పట్టిక ఉంటుంది. ఏ పని ఏ స్థాయిలో చేస్తే ఎన్ని మార్కులో విద్యార్థికి ముందే తెలియడం దీని ప్రయోజనం. చివరిది ముగింపు. వీటికి తోడు ఇతర ఉపాధ్యాయుల కోసం ఒక ప్రత్యేక పేజీని జతచేయడం వాడుక. ఒకటి నుండి మూడు పీరియడ్లలో పూర్తయ్యేవాటిని స్వల్పకాలికమని, వారం నుండి నెల వరకు పట్టేవాటిని దీర్ఘకాలికమని డాడ్జ్ విభజించాడు.

ఈ ఆరింటిలో అసలైనది కర్తవ్యం. మిగిలిన ఐదూ చక్కగా ఉండి ఇది బలహీనంగా ఉంటే మిగిలేది లింకులు తగిలించిన ప్రశ్నపత్రమే. కర్తవ్యాలను డాడ్జ్ పన్నెండు రకాలుగా వర్గీకరించాడు. చదివినదానిని తిరిగి చెప్పడం వాటిలో అన్నిటికన్నా సులువైనది. సమాచారాన్ని కూర్చడం, మిస్టరీని విప్పడం, పత్రికా విలేఖరిగా రాయడం, ఒక వస్తువు నమూనా గీయడం, భిన్నాభిప్రాయాల మధ్య ఏకాభిప్రాయం సాధించడం, ఒప్పించడం, తీర్పు చెప్పడం వంటివి మిగిలినవాటిలో కొన్ని. తిరిగి చెప్పడం ఒక్కటే ఉన్న పాఠాన్ని వెబ్‌క్వెస్ట్ అనడానికి ఈ విధానాన్ని ఎరిగినవారు సాధారణంగా ఒప్పుకోరు.

విద్యార్థికి ఇచ్చే సహాయాన్ని ఈ విధానంలో పరంజాతో పోలుస్తారు. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ రాసిన వ్యాసంతో ఈ పోలిక విద్యాశాస్త్రంలో స్థిరపడింది. గోడ లేచేవరకు పరంజా ఉంటుంది, లేచిన పిమ్మట విప్పివేస్తారు. వాక్యం ఎలా మొదలుపెట్టాలో చూపే నమూనా, పేజీ చదువుతున్నప్పుడు పూరించవలసిన పట్టిక, వాదనలను పోల్చే గళ్ళ కాగితం మొదలైనవి అలాంటివి. ప్రాథమిక తరగతులలో వీటి అవసరం మరీ ఎక్కువ.

ప్రాథమిక తరగతులలో

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు చదవడం ఇంకా పూర్తిగా రాదు. వారికి బొమ్మలు, ధ్వనులు ఉన్న పేజీలను ఎంచుకొని, ఒకే కంప్యూటరు ముందు తరగతి అంతటినీ కూర్చోబెట్టి ఉపాధ్యాయుడే చదివి వినిపించవచ్చు. మూడవ తరగతి నుండి ముగ్గురు నలుగురు పిల్లల బృందాలు సాధ్యపడతాయి. ఒకరు మౌస్ పట్టుకొంటే, ఒకరు చదువుతారు, మరొకరు రాస్తారు. ఈ పనులను మధ్యమధ్య మార్చకపోతే చురుకైన బాలుడే మౌస్ వదలడు. తరచుగా ఆ వదలని చేయి ఇంటిలో కంప్యూటరు ఉన్నవారిది అవుతుంది, అసలు నేర్చుకోవలసినవారు వెనుక నిలబడి చూస్తారు.

ఈ వయసు పిల్లలకు ఆరేడు లింకులు చాలు. పేజీ పొడవు, అక్షరాల పరిమాణం, పక్కన మెరిసే ప్రకటనలు ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. పెద్దల కోసం రాసిన పేజీ ఎంత ప్రామాణికమైనదైనా పదేళ్ళ విద్యార్థికి గోడతో సమానం.

ఉపాధ్యాయుడు నేర్చుకొనేది

వెబ్‌క్వెస్ట్ ప్రచారానికి ఒక కారణం, అది ఉపాధ్యాయుని శిక్షణకు కూడా పనికివచ్చింది. 1990 దశకంలో కంప్యూటరు శిక్షణ అంటే మెనూలు, బటన్లు గుర్తుపెట్టుకోవడం అన్నట్లు ఉండేది. శిక్షణ ముగిసిన వారానికి అవి మరచిపోయేవారు. రేపటి పాఠానికి ఒక పేజీ తయారుచేయాలన్న అవసరం ఉన్నప్పుడు ఆ నైపుణ్యాలే వేరే విధంగా అబ్బుతాయి.

మొదట నేర్వవలసినది వెతకడం. దీనికి డాడ్జ్ నాలుగు సూత్రాలు చెప్పాడు. విశాలమైన మాటతో గాక ఇరుకుగా మొదలుపెట్టడం, కచ్చితమైన పదబంధాన్ని వెతకడం, చిరునామాను కత్తిరించడం, దొరికిన మంచి పేజీని పోలినవాటిని వెతకడం. వీటిలో మూడవది కొత్తవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. ఒక పేజీ చిరునామాలో చివరి గీత తరువాతి భాగాన్ని చెరిపివేస్తే ఆ పేజీ ఏ సంస్థకు, ఏ విభాగానికి చెందినదో తరచు బయటపడుతుంది. విశ్వవిద్యాలయపు పేజీ అనుకొన్నది అక్కడి ఒక విద్యార్థి సరదాగా రాసుకొన్నది కావచ్చు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు అని ప్రశ్నించే అలవాటు ఉపాధ్యాయునికి ఇక్కడ ఏర్పడుతుంది. ఆయనకు అది లేకపోతే పిల్లలకు నేర్పడం కల్ల.

రెండవది పేజీని తయారుచేయడం. 1996లో వచ్చిన నెట్‌స్కేప్ నావిగేటర్ గోల్డ్‌లో పేజీలు రాసే పరికరం కూడా ఉండేది. హెచ్‌టీఎమ్‌ఎల్ తెలియనివారు ఖాళీలు పూరిస్తే పేజీ తయారయ్యే ఫిలమెంటాలిటీ వంటి సైట్లు, తరువాతి కాలంలో డాడ్జ్ ప్రారంభించిన క్వెస్ట్‌గార్డెన్ వాడుకలోకి వచ్చాయి. నేడు ఈ భాగం చాలా తేలిక. ఒక సాధారణ డాక్యుమెంటులో లింకులు పెట్టినా సరిపోతుంది.

మూడవదే అన్నిటికన్నా కష్టమైనది. పాఠం నడుస్తున్నప్పుడు జవాబు చెప్పకుండా ఉండటం. ఇరవై ఏళ్ళుగా బల్ల ముందు నిలబడి చెప్పిన ఉపాధ్యాయునికి బృందాల మధ్య తిరుగుతూ, "ఈ మాట ఏ పేజీలో చదివావు?" అని మాత్రమే అడగడం తేలిక కాదు. తరగతిలో సందడి పెరుగుతుంది. పక్క గదివారికి, తనిఖీకి వచ్చినవారికి అది క్రమశిక్షణ లోపంగా కనిపించవచ్చు.

ఒక ఉదాహరణ

తెలుగు పాఠకుల సౌకర్యార్థం ఐదవ తరగతికి తగిన ఒక కల్పిత వెబ్‌క్వెస్ట్‌ను పరిశీలించవచ్చు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు ఇందులో కలుస్తాయి. ఉప్పుటేరు దీని నీటిని సముద్రానికి చేరుస్తుంది. 1999లో దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు. 2006లో అభయారణ్యం పరిధిలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం పెద్ద ఎత్తున తొలగించింది. కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులు గుంపులుగా గూళ్ళు కడతాయి.

"కొల్లేరు గురించి పది వాక్యాలు రాయండి" అన్నది కర్తవ్యంగా పనికిరాదు. పై పేరానే నకలు చేసి ఇవ్వవచ్చు. దాని బదులు బృందంలో ఒకరు పక్షి శాస్త్రవేత్త, ఒకరు వలతో చేపలు పట్టే మత్స్యకారుడు, ఒకరు చేపల చెరువు యజమాని, ఒకరు గట్ల వలన నీరు నిలిచి పొలం మునిగిన వరి రైతు అనుకొందాం. నలుగురూ ఒప్పుకొనే మూడు నియమాలు రాసి గ్రామసభలో చదవాలి. ఈ మూడు నియమాలు ఏ వెబ్ పేజీలోనూ లేవు. అయినా పేజీలు చదవకుండా రాయడం సాధ్యం కాదు. పక్షి పక్షాన ఉన్న విద్యార్థి గట్లు కొట్టివేయాలంటే, చెరువు యజమాని పాత్రలోని స్నేహితుడు తన కుటుంబం ఎలా బతకాలని అడుగుతాడు. జవాబు నకలు చేయడానికి వీలుందా అన్న ఒక్క పరీక్ష చాలు, కర్తవ్యం మంచిదో కాదో తెలిసిపోతుంది.

తెలుగు మాధ్యమంలో ఇబ్బందులు

తొలి రోజుల్లో తెలుగు వెబ్ పేజీలలో చాలావరకు ఎవరి ఫాంటు వారిదే. ఫాంటు లేని కంప్యూటరులో అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు కనిపించేవి. యూనికోడ్ వాడకం పెరిగాక, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక ఈ చిక్కు క్రమంగా తగ్గింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. అయితే దాని వ్యాసాల భాష పెద్దలది. పిల్లల స్థాయిలో తెలుగులో రాసిన విజ్ఞాన పేజీలు ఇప్పటికీ తక్కువే. అందువల్ల తెలుగు మాధ్యమ ఉపాధ్యాయుడు లింకులు ఏరడంతో ఆగకుండా, ఆంగ్ల పేజీలోని విషయాన్ని పది పదిహేను సులభ వాక్యాలలో తానే తిరిగి రాయవలసి ఉంటుంది. ఈ శ్రమను శిక్షణ కార్యక్రమాలు అరుదుగా లెక్కలోకి తీసుకొంటాయి.

అంతర్జాల సంబంధం లేని పాఠశాలలో పేజీలను ముందే దాచుకొని వచ్చి వాడవచ్చు, లేదా అచ్చువేసి బృందానికొక ప్రతి ఇవ్వవచ్చు. లింకులు పోయినా పాఠం పోదు.

2017లో ప్రారంభమైన దీక్షా వేదిక ద్వారా పాఠ్యపుస్తకాలలోని క్యూఆర్ కోడ్‌కు వీడియోలు, అభ్యాసాలు జతపడ్డాయి. 2020 అక్టోబరులో ప్రాథమిక స్థాయి ఉపాధ్యాయులకు నిష్ఠా శిక్షణ కూడా ఈ వేదికపైనే ఆన్‌లైనులో మొదలైంది. క్యూఆర్ కోడ్ విద్యార్థిని ఒక సిద్ధమైన పాఠం వద్దకు తీసుకువెళుతుంది. దానిని వెబ్‌క్వెస్ట్‌లో ఒక వనరుగా వాడుకోవచ్చును గాని, ప్రశ్నను వేయవలసినది మాత్రం ఉపాధ్యాయుడే.

విమర్శ

వెబ్‌క్వెస్ట్ పేరుతో వచ్చినవాటిలో చాలా భాగం ఆ పేరుకు తగినవి కావన్నది ప్రధాన విమర్శ. టామ్ మార్చ్ స్వయంగా 2003లో ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్ పత్రికలో రాసిన వ్యాసంలో నిర్వచనాన్ని మరింత బిగించాడు. సేకరించిన సమాచారం విద్యార్థి మనసులో కొత్త అవగాహనగా మారాలని ఆయన వాదన. 2008లో జేసన్ అబిట్, జాన్ ఓఫస్ అప్పటివరకు వచ్చిన పరిశోధనలను సమీక్షించారు. కలిసి పనిచేయడం, పాఠంపై ఆసక్తి విషయాలలో మేలు కనిపించింది కాని, పరీక్షా ఫలితాలలో ఇతర పద్ధతులను మించిందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. తయారీకి పట్టే సమయంతో పోల్చితే ఇది చిన్న అభ్యంతరం కాదు.

మరొక బలహీనత లింకులు చచ్చిపోవడం. 2009 అక్టోబరులో యాహూ సంస్థ జియోసిటీస్‌ను మూసివేసినప్పుడు ఉపాధ్యాయులు అక్కడ ఉంచిన ఎన్నో పేజీలు ఒక్కసారిగా మాయమయ్యాయి. ఏటా పాఠం మొదలుపెట్టే ముందు ప్రతి లింకును నొక్కి చూసుకోక తప్పదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత తిరిగి చెప్పే రకం కర్తవ్యాలు దాదాపు నిరర్థకమయ్యాయి, అడిగిన క్షణంలో యంత్రమే సారాంశం రాసిపెడుతుంది. కొల్లేరు నియమాలను కూడా అది రాయగలదు. కాని చెరువు యజమాని పాత్రలో ఉన్న బాలుడు ఎదురుగా కూర్చొని అడిగే ప్రశ్నకు గూడబాతు తరఫున మాట్లాడుతున్న బాలిక అప్పటికప్పుడు జవాబు చెప్పుకోవాలి. ఈ కారణంగా కొందరు ఉపాధ్యాయులు రాతపని కంటే మౌఖిక వాదనకే రూబ్రిక్‌లో ఎక్కువ మార్కులు కేటాయిస్తున్నారు.