పురిటిగదిలో తోడెవరు?



పోయిన నెలలో మా వీధిలో ఓ సీమంతం పేరంటానికి వెళ్ళాను. పిల్లకి గాజులు తొడిగాం, చలిమిడి పెట్టాం, హారతిచ్చాం. ఆ తరవాత పేరంటాళ్ళందరం ఆ పిల్ల చుట్టూ చేరి, ఆడవాళ్ళం నలుగురం కలిస్తే ఏం మాట్లాడుకుంటామో అదే మాట్లాడుకున్నాం. మా పెద్దవాడప్పుడు రెండు రోజులు నొప్పులు పడ్డానని ఒకావిడ, నాకు నొప్పులు రాకముందే కోసి తీశారని ఇంకొకావిడ. ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని అంతా విని, మెల్లిగా ఒక్క మాట అడిగింది. "ఆ గదిలోకి నాతోపాటు మా అమ్మని రానిస్తారా, అత్తయ్యగారూ?"

పదిపన్నెండు మంది తల్లులం ఉన్నాం అక్కడ. ఒక్కరం గట్టిగా జవాబు చెప్పలేకపోయాం. "రానివ్వరేమోనమ్మా" అని ఎవరో గొణిగారు. ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అసలీ రానివ్వకపోవడం ఎప్పుడు మొదలైంది, ఎందుకు మొదలైంది అని తెలుసుకుందామని కూర్చున్నాను. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. ఇంగ్లీషులో ఉన్నవి మా అమ్మాయి చదివి చెబితే రాసుకున్నాను. ఆ రాసుకున్నదే ఇవాళ మీకు చెబుతున్నాను.

ఈ మధ్య హైదరాబాదు, బెంగుళూరు లాంటి పట్నాల్లో "డౌలా" అనే మాట వినబడుతోంది. ఈమె డాక్టరు కాదు, నర్సు కాదు, పురుడు పోసే మనిషి కూడా కాదు. సూది వెయ్యదు, పరీక్ష చెయ్యదు, మందు చెప్పదు. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ భూమ్మీద పడేదాకా తల్లిని విడిచి కదలకపోవడమే ఆమె పని. నడుం రుద్దుతుంది, గుక్కెడు నీళ్ళు పట్టిస్తుంది, లేపి నాలుగడుగులు నడిపిస్తుంది, డాక్టరుగారు గబగబా చెప్పి వెళ్ళిన మాటని నిదానంగా మళ్ళీ చెబుతుంది. కాలుగాలిన పిల్లిలా తిరిగే భర్తకి ధైర్యం చెప్పడం కూడా ఆమె పనే. మాట గ్రీకు భాషది. ఆ భాషలో దాసి అని అర్థం. డేనా రాఫెల్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త తల్లిపాల గురించి 1973లో అచ్చయిన తన పుస్తకంలో ఈ మాట వాడింది. బాలింత పక్కన ఆసరాగా మరో మనిషి ఉంటేనే పాలివ్వడం సవ్యంగా సాగుతుందని ఆవిడ వాదన. ఆ ఆసరా మనిషికి పెట్టిన పేరే తరవాత పురిటిగదిలోకీ వచ్చింది.

ఇదేం వింత, మా నాయనమ్మ చేసిందీ ఇదేగా అంటారు మీరు. నిజమే. తొలికాన్పుకి పిల్లని పుట్టింటికి తీసుకొచ్చే ఆచారమే అందుకు పుట్టింది. ఆ రోజుల్లో పురిటిగదిలో మంత్రసాని ఒక్కతే ఉండేది కాదు. కన్నతల్లో, మేనత్తో, నలుగురు బిడ్డల్ని కన్న పెద్దావిడో వెనక కూర్చుని చూలాల్ని తనకి ఆనించుకునేది. ఒకరు నీళ్ళు కాచేవారు, ఒకరు ఇష్టదైవానికి ముడుపు కట్టేవారు. మొగవాళ్ళు వీధి అరుగు మీద కూర్చుని కేక ఎప్పుడు వినబడుతుందా అని చూసేవారు. మంత్రసానిగా వచ్చేది చాలా ఊళ్ళలో మంగలి, చాకలి, మాదిగ ఇళ్ళ ఆడవాళ్ళే. బిడ్డని మొట్టమొదట అందుకునే చెయ్యి ఆవిడది. అదే చేత్తో వంటింటి గడప మాత్రం ముట్టుకోనిచ్చేవారు కారు. చేటలో బియ్యం, ఓ పాత చీర, పుట్టింది మగపిల్లాడైతే ఇంకాస్త ఎక్కువ. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏమొచ్చినా పట్టాల్సిందేనని సామెత చెప్పుకుని నవ్వుతాం గాని, ఆ సామెతలోని మనిషిని ఎప్పుడైనా తలుచుకున్నామా?

దేశదేశాల్లోనూ ఇదే తీరు. ఇంగ్లండులో మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట ఇరుగుపొరుగు ఆడవాళ్ళని పురుటికి పిలిచేవారు. మగవాళ్ళని బయటికి పంపి, తలుపులు మూసి, మసాలా దినుసులు వేసి కాచిన వేడి జావ తల్లికి తాగిస్తూ, తామూ తాగుతూ, బిడ్డ పుట్టేదాకా అక్కడే కూర్చునేవారు. అలా వచ్చిన వాళ్ళని "గాసిప్పులు" అనేవారట! బిడ్డకి జ్ఞానస్నానమప్పుడు తోడు నిలిచే బంధువు అని ఆ మాటకి మొదటి అర్థం. ఆ తరవాత పురుటికొచ్చిన ఆడవాళ్ళని అన్నారు. చివరికి పనిలేని కబుర్లని. అమ్మలక్కలు ఒక చోట చేరి ఒక ప్రాణాన్ని కాచుకు కూర్చుంటే, ఆ పేరు చాడీలకి మిగిలింది చూడండి.

అలాగని ఆ రోజులే బంగారమని నేననను. మా అమ్మమ్మ పదకొండు మందిని కంటే దక్కింది ఆరుగురు. కొడవలితో బొడ్డు కోసి బూడిద అద్దితే, వారం తిరక్కుండా ధనుర్వాతంతో పోయిన పసికందులెందరో. బిడ్డ అడ్డం తిరిగితే, రక్తం ఆగకపోతే, పక్కనున్న పదిమందీ దణ్ణాలు పెట్టుకోవడమే. మన దేశంలో 1997-98లో కూడా లక్ష కాన్పులకి 398 మంది తల్లులు చనిపోయారు. 2018-20 నాటికి అది 97కి దిగింది. ఆస్పత్రి కాన్పులు పెరగకుండా ఇది జరిగేది కాదు. ఆస్పత్రికి వెళ్ళొద్దని ఈ ప్రసంగంలో నేను చెప్పానని ఎవరైనా అంటే నమ్మకండి.

అయితే మురికి చేతులు మంత్రసానులవి మాత్రమే కావు. 1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఒక సంగతి కనిపెట్టాడు. ఒకే ఆస్పత్రిలో మంత్రసానులు పురుడు పోసే వార్డులో కంటే డాక్టర్లు, వైద్య విద్యార్థులు పోసే వార్డులోనే తల్లులు ఎక్కువగా చనిపోతున్నారు. శవాలని కోసిన చేతులతో వాళ్ళు నేరుగా పురిటి వార్డుకి వచ్చేవారు. చేతులు కడుక్కోండి బాబూ అంటే, పెద్దలు ఆయన్నే తిట్టిపోశారు.

ఇక తలుపులు మూసిన సంగతి. ఇది అమెరికాలో బాగా కనబడుతుంది. 1900లో అక్కడ నూటికి అయిదు కాన్పులు కూడా ఆస్పత్రిలో అయ్యేవి కావు. 1950 వచ్చేసరికి నూటికి 88 అయ్యాయి. యాభై ఏళ్ళలో పురుడు ఇల్లు వదిలిపోయింది. శుభ్రత పేరుతో మురికితోపాటు మనిషిని కూడా బయట నిలబెట్టారు. దానికి తోడు జర్మనీ నుంచి ఒక మత్తు వచ్చింది. అది నొప్పిని తియ్యదు, నొప్పి పడిన జ్ఞాపకాన్ని తీసేస్తుంది. 1914 ప్రాంతంలో అది మాకూ కావాలని అమెరికా ఆడవాళ్ళే ఉద్యమం చేశారు. నొప్పి లేకుండా కనాలని ఆశపడటం తప్పా? కాదు. కాని ఆ మత్తులో తల్లులు గింజుకుని పడిపోకుండా మంచానికి కట్టేసేవారు. తెల్లారి వాళ్ళకేమీ గుర్తుండేది కాదు. గుర్తు చెయ్యడానికి పక్కన అమ్మా లేదు, అక్కా లేదు.

ఆ మౌనాన్ని బద్దలు కొట్టింది ఎవరనుకున్నారు? మీరు చదివేలాంటి ఆడవాళ్ళ పత్రికే. "లేడీస్ హోమ్ జర్నల్" 1957 నవంబరు సంచికలో ఒక నర్సు రాసిన చిన్న ఉత్తరం వేసింది. పురిటి వార్డుల్లో జరిగే క్రూరత్వం గురించి ఎవరైనా విచారించండమ్మా అని. ఇక చూడండి, దేశం నలుమూలల నుంచీ ఉత్తరాలు వెల్లువలా వచ్చిపడ్డాయి. గంటల తరబడి ఒంటరిగా వదిలేశారని, చేతులూ కాళ్ళూ కట్టేశారని, డాక్టరు వచ్చేదాకా కాళ్ళు దగ్గరికి నొక్కి పెట్టారని తల్లులు రాశారు. 1958 మే సంచికలో పత్రిక వాటిని అచ్చువేసింది. గిన్నెలు కడిగి, పిల్లల్ని పడుకోబెట్టి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాసిన ఉత్తరాలు. మన ఉత్తరాల శీర్షికని మనమే తేలిగ్గా తీసేస్తాం గాని, అవి చేసే పని ఇలా కూడా ఉంటుంది.

నా మొదటి కాన్పు 2001లో. ఊరు పేరు, ఆస్పత్రి పేరు వద్దులెండి. మా అమ్మ బయట బెంచీ మీద, నేను లోపల బల్ల మీద. మధ్యలో ఆకుపచ్చ రంగు వేసిన తలుపు. అరిస్తే కసిరారు. తెల్లవారుజామున నేల తుడవడానికి ఒక ఆయా వచ్చింది. నన్ను చూసి, తుడిచే గుడ్డ పక్కన పడేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుని నా నడుం మీద వేసి రుద్దింది. "అయిపోతుందమ్మా, అయిపోవచ్చింది" అంది. అయిదు నిమిషాలు ఉందేమో. ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. ఆవిడ పేరు నాకు తెలీదు. పది గంటల అవస్థలో ఇవాళ్టికీ నాకు స్పష్టంగా గుర్తున్నవి ఆ అయిదు నిమిషాలే.

అందుకే గ్వాటెమాలా కథ మా అమ్మాయి చదువుతుంటే నాకు గొంతు పట్టుకుంది. మధ్య అమెరికాలోని చిన్న దేశమది. క్లౌస్, కెన్నెల్ అనే ఇద్దరు అమెరికా పిల్లల డాక్టర్లు, పుట్టిన బిడ్డకీ తల్లికీ అనుబంధం ఎలా ఏర్పడుతుందో చూద్దామని అక్కడి ఆస్పత్రిలో పరిశోధన పెట్టుకున్నారు. అక్కడా మనలాగే, తల్లి వెంట ఎవర్నీ రానివ్వరు. వాళ్ళ దగ్గర పనిచేసే ఒక వైద్య విద్యార్థిని, తల్లుల పేర్లు చేర్చుకుని వచ్చెయ్యాల్సింది, వాళ్ళ అవస్థ చూడలేక పక్కనే కూర్చుండిపోయింది. ఆ తల్లుల కాన్పులు సులువుగా అయ్యాయి. ఆ పిల్ల నియమం తప్పిందని తెలిసినప్పుడు డాక్టర్లు కోప్పడి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. అసలు సంగతే ఇదేమోనని దాన్నే పరీక్షకి పెట్టారు.

ఆ ఫలితాలు 1980లో పెద్ద వైద్య పత్రికలో వచ్చాయి. తోడుగా పెట్టింది ఏ శిక్షణా లేని మామూలు ఆడవాళ్ళని. తల్లికి వాళ్ళు ముందు పరిచయం కూడా లేదు. చెయ్యి పట్టుకోవడం, వీపు రాయడం, మాట్లాడటం, అంతే. ఇబ్బంది లేకుండా కాన్పయిన 20 మంది తల్లుల్ని పోగుచెయ్యడానికి తోడున్నవాళ్ళలో 33 మందిని చేర్చుకుంటే సరిపోయింది. తోడు లేనివాళ్ళలో 103 మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. ఆ ఇరవయ్యేసి మందిలోనూ తోడున్నవాళ్ళ నొప్పులు సగటున 8.8 గంటలు, లేనివాళ్ళవి 19.3 గంటలు. కాన్పయ్యాక తోడున్న తల్లులే బిడ్డని చూసి ఎక్కువ నవ్వారు, ఎక్కువ మాట్లాడారు.

తరవాత అదే డాక్టర్లు అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఇంకో పరీక్ష చేశారు. 1991లో అచ్చయింది. తల్లుల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి డౌలా తోడు. ఒక గుంపుకి మామూలు ఆస్పత్రి పద్ధతి. మూడో గుంపుకి గదిలో ఓ మూల ఒకావిడ కూర్చుంటుంది, కాగితం మీద ఏదో రాసుకుంటుంది, తల్లితో ఉలకదు పలకదు. ఎవరూ లేనివాళ్ళలో నూటికి 18 మందికి సిజేరియన్ అయింది. డౌలా ఉన్నవాళ్ళలో 8 మందికి. మరి ఆ మూల కూర్చున్నావిడ ఉన్నవాళ్ళలో? 13 మందికి. మాట్లాడకుండా ఒక మనిషి గదిలో కూర్చుంటేనే ఇంత తేడా. మంత్రం కాదు, మందు కాదు. భయం పడితే ఒంట్లో అడ్రినలిన్ అనేది ఎక్కువై, గర్భసంచి చేసే పనిని మందగింపజేస్తుందని డాక్టర్లు వివరణ చెబుతారు. ఆ భయం పక్కన మనిషి ఉంటే తగ్గుతుంది.

గ్వాటెమాలా లెక్క చూసి పది గంటలు తగ్గిపోతాయని మాత్రం ఆశపడకండి. 2017లో 17 దేశాల పరీక్షలన్నీ, పదిహేను వేల మందికి పైగా తల్లుల లెక్కలు కలిపి చూస్తే, నొప్పుల సమయం సగటున తగ్గింది ముప్పావు గంట లోపే. కాని సిజేరియన్లు తగ్గాయి, నొప్పి మందుల అవసరం తగ్గింది, కాన్పు గురించి చేదు జ్ఞాపకం మిగిలిన తల్లులు తగ్గారు. నాకు ఆ చివరిదే ముఖ్యం అనిపించింది.

ఇక మన సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు; ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తం మీద 21.5. ఈ కోతలన్నిటికీ తోడు లేకపోవడమే కారణమని నేననను. ముహూర్తం చూసి కోయించుకునేది మనమే కదా! ఆ చిట్టా వేరే ఉంది.

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్నకి జవాబు. రానివ్వాలి. తమిళనాడులో 2004లోనే ప్రభుత్వాస్పత్రుల్లో తోడు మనిషిని అనుమతించారు. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ దేశమంతటా ప్రభుత్వాస్పత్రుల్లో తోడుండనివ్వాలని చెప్పింది. తోడుండేది కాన్పు అనుభవం ఉన్న ఆడమనిషి అయుండాలి, అంటురోగాలు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, కాన్పయ్యేదాకా కదలకుండా ఉండాలి, నర్సుల పనికి అడ్డం రాకూడదు, పక్క మంచం వాళ్ళ జోలికి పోకూడదు. మరుగు ఉన్న చోట భర్త కూడా ఉండొచ్చు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తల్లి కోరుకున్న మనిషిని పక్కన ఉండనివ్వాలని సిఫారసు చేసింది. ఈ సంగతి మా పేరంటంలో ఒక్కరికీ తెలీదు. డబ్బిచ్చి డౌలాని పెట్టుకోగలిగినవాళ్ళు పెట్టుకోవచ్చు. లేనివాళ్ళకి అమ్మ ఉంది.

నేను వెళ్ళి ఇదంతా ఆ పిల్లకీ వాళ్ళమ్మకీ చెప్పాను. వాళ్ళు పేరు రాయించుకున్నది ప్రైవేటు ఆస్పత్రి. వాళ్ళమ్మ వెళ్ళి అడిగితే, "డాక్టరమ్మగారిని కనుక్కుని చెబుతాం" అన్నారట. వారమైంది, ఇంకా చెప్పలేదు. పిల్లకి నెలలు నిండుతున్నాయి. ఎల్లుండి మళ్ళీ అడగడానికి వెళుతున్నారు. నేనూ వెళుతున్నాను.